మేకుకు వేలాడిన చెవి

పిల్‌సున్ అక్క చెవి మేకుకు వేలాడుతుంటేనే మా ఆడవాళ్ళకు నోరు విప్పబుద్ధయ్యేది. వెటకారానికి అంటున్నాననుకునేరు, ఉన్న మాటే చెబుతున్నాను. బూసాన్ పక్కనే యోంగ్‌దో దీవిలో, ఓడలు మరమ్మతు చేసే రేవుకు వెనక వీధిలో మా వేన్నీళ్ళ స్నానశాల ఉంది. ఆడవాళ్ళ వైపు గల్లా దగ్గర కూర్చునేది నేనే. తువ్వాళ్ళు ఇచ్చేదీ, ఉడికించిన గుడ్లూ చల్లటి బియ్యప్పానకమూ అమ్మేదీ, ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కుపోయారో తేల్చేదీ నేనే. అందుకని అందరికీ గల్లా అక్కనైపోయాను. అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు, నేనూ చెప్పలేదు.

పిల్‌సున్ అక్క లోపల ఒళ్ళు రుద్దే మనిషి. వేడినీళ్ళ తొట్టిలో బాగా నానినవాళ్ళు వచ్చి ఆవిడ బల్ల మీద బోర్లా పడుకుంటారు. అక్క చేతికి ఆకుపచ్చ గరుకు గుడ్డ తొడుక్కుని మెడ నుంచి మడమల దాకా మట్టి రాల్చేస్తుంది. ఒక వైపు అయిపోగానే నడుం మీద తప్ తప్ మని రెండు చరుపులు చరుస్తుంది. ఇటు తిరుగు అని దానర్థం. మా దగ్గర ఏ స్నానశాలలోనైనా ఆ చరుపులు ఉంటాయి కానీ, మాటలు కూడా ఉంటాయి. అక్క బల్ల దగ్గర చరుపులే ఉండేవి.

ఎందుకంటే అక్కకు చెవులు వినిపించవు. పెళ్ళైన కొత్తలో వచ్చిన జ్వరం రెండు చెవుల్నీ పట్టుకుపోయింది, ఆ వెనకే మొగుడూ పోయాడు. జ్వరం వల్ల కాదు, ఇంకొకామెతో. చాలా ఏళ్ళ తర్వాత డాక్టర్లు తల లోపల ఏదో తీగ పెట్టి, చెవి వెనక పెట్టుకోవడానికి ఒక బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ పెట్టుకుంటే వినిపిస్తుంది, తీస్తే లేదు. ఆ బిళ్ళకేమో నీళ్ళు పడవు, ఆవిరి అసలే పడదు. అక్క పనిచేసే చోట ఆ రెండూ తప్ప మరేమీ ఉండవు. అందుకని పొద్దున్నే రాగానే బిళ్ళ తీసి చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, నా గల్లా పక్కన సబ్బుల అర పైన ఉన్న మేకుకు తగిలించి లోపలికి వెళ్ళేది. తడి చేత్తో ఎవరైనా ఆ మేకు దగ్గరికి పోతే చాలు, లోపలి నుంచే కేకలు పెట్టేది. కన్నబిడ్డను కూడా ఎవరూ అలా కాపలా కాయరు.

మా వాళ్ళకు అదే కలిసొచ్చింది. బల్ల ఎక్కబోయే ముందు ప్రతి ఒక్కతీ అద్దం తలుపులోంచి మేకు వైపు ఒక చూపు చూసేది. చెవి అక్కడుందా, ఉంది. ఇక మొదలు. అత్త మీద, కోడలి మీద, మొగుడి మీద, పక్కింటావిడ కొత్త ఫ్రిజ్ మీద. రోమాలు నిక్కబొడుచుకునే సంగతులు కూడా ఆ బల్ల మీదే దిగేవి. నేనూ పడుకున్నాను, నేనూ చెప్పాను. ఏం చెప్పానో మీకు మాత్రం చెప్పను.

ఇలా నడుస్తుండగా పెద్దాసుపత్రి వాళ్ళు అక్కను పిలిచారు. కొత్త రకం వచ్చిందట. మైకూ లోపలే, బ్యాటరీ కూడా లోపలే, చర్మం కిందే అంతా. బయట బిళ్ళ లేదు, వైరు లేదు. రాత్రి ఒక ప్రత్యేకమైన తలగడ మీద తల పెట్టి పడుకుంటే అదే ఛార్జింగ్ అవుతుంది. చప్పుడు పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ, కావాలంటే పూర్తిగా మూసేసుకోడానికీ బొటనవేలంత రిమోటు ఒకటి. ఇంకా బజారులోకి రాలేదు, ముందుగా కొద్దిమందికి పెట్టి చూస్తున్నారు. "ఇంకొన్నాళ్ళు పోతే అందరికీ ఇదేనమ్మా. ఎవరికి వినిపిస్తుందో ఎవరికి వినిపించదో చూసినవాళ్ళు కనిపెట్టలేరు," అన్నాడట డాక్టరు. ఆ మాటకు అక్క పొంగిపోయింది. అసలు గొడవంతా ఆ మాటలోనే ఉందని అప్పుడు ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఉల్సాన్‌లో చుట్టాలింటికి వెళ్తున్నానని అందరికీ చెప్పి కొత్త చెవి పెట్టించుకుని వచ్చింది. మొదట్లో తన ఒళ్ళే తనకు గోలగా వినిపించేదట. తల గోక్కుంటే కప్పు మీద పిల్లులు కొట్టుకున్నట్టు. ముల్లంగి కిమ్చి పచ్చడి నమిలితే ఎదుటివాళ్ళ మాట మునిగిపోయేంత చప్పుడు. "గుటక వేస్తే కూడా వినిపిస్తోందే చెల్లీ, సిగ్గేస్తోంది," అంది నాతో.

పనిలోకి వచ్చిన మొదటి రోజు ఇంకా జనం రాకముందు నన్ను బల్ల మీద పడుకోమంది. గుడ్డ తొడుక్కుని వీపు మీద ఒక్కసారి లాగింది. ఆగిపోయింది. మళ్ళీ లాగింది. ఎంతకీ రెండో వైపు రాకపోయేసరికి తల తిప్పి చూస్తే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైంది అక్కా?"

"సర్‌ర్ మంటోందే," అంది. "ఇన్నేళ్ళూ చేసిన పనికి చప్పుడుందని నాకెవరూ చెప్పలేదేం?"

నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత తడిలో ఏది ఆవిరో ఏది కన్నీరో తెలియని చోటే కదా అని లేచి పనిలో పడ్డాం.

మొదట వచ్చింది హేసుక్. చేపల మార్కెట్లో కొట్టు పెట్టుకున్న మనిషి, గొంతూ చెయ్యీ రెండూ పెద్దవే. ఆవిడ తలుపేస్తే నా గుడ్ల గిన్నె మీద మూత ఎగిరిపడుతుంది. ఆ రోజు బల్ల ఎక్కబోతూ అలవాటుగా మేకు వంక చూసింది. మేకు ఖాళీ.

"గల్లా అక్కా, పిల్‌సున్ అక్క చెవేది? లోపలికి పెట్టుకొచ్చిందా ఏంటి?" అని అక్కడి నుంచే అరిచింది.

"బాగుచేయించడానికి ఇచ్చింది," అన్నాను. హేసుక్ పడుకుంది కానీ రుద్దినంతసేపూ నోరు తెరవలేదు. వెళ్ళేటప్పుడు, "ఏంటో, ఇవాళ ఒళ్ళు తేలికపళ్ళేదు," అని గొణుక్కుంటూ పోయింది.

మర్నాడు పిల్‌సున్ అక్క ఇంటి నుంచి పాత బిళ్ళ పట్టుకొచ్చింది. అది ఇప్పుడు దేనికీ పనికిరాని ప్లాస్టిక్ ముక్క. దాన్ని అదే సంచిలో వేసి, అదే మేకుకు తగిలించింది.

"ఇదేం పని అక్కా? నిజం చెప్పెయ్యరాదూ?"

"చెబితే నా బల్ల ఎవరెక్కుతారే? వాళ్ళు మట్టి వదిలించుకోడానికే వస్తున్నారనుకున్నావా?"

"పోనీ పనిచేసేటప్పుడు రిమోటు నొక్కి మూసేసుకో. నీకూ పాపం అంటదు."

"అది మాత్రం నావల్ల కాదు చెల్లీ. నా చేతి చప్పుడు వినడం ఇప్పుడే మొదలెట్టాను. మళ్ళీ మూసుకోమంటావా?"

నేను వెళ్ళి గుడ్లు పొయ్యి మీద పెట్టాను. మేకు నాది కాదు, చెవీ నాది కాదు.

అలా నెలలు గడిచాయి. అక్కకు వినడం కంటే విననట్టు ఉండడం కష్టమైంది. నవ్వొస్తే వంగి బకెట్లో గుడ్డ ముంచేది. మరీ ఆగకపోతే దగ్గేది. తాక్ అవ్వతో అయితే బతుకు నరకమే. అవ్వ ఒకప్పుడు సముద్రంలోకి మునిగి ఆల్చిప్పలు ఏరిన మనిషి. ఎన్నో ఏళ్ళు మునిగీ మునిగీ ఆవిడ చెవులు కూడా సగానికి వచ్చాయి. అందుకని రహస్యం చెప్పినా అరిచే చెబుతుంది. ముసలాయన దంతాల సెట్టు ఎక్కడ దాచిందో మా స్నానశాలలో అందరికీ తెలుసు, ముసలాయనకు తప్ప.

ఒక శుక్రవారం హేసుక్ బల్ల మీద పడుకుని బుగ్గ కింద చెయ్యి పెట్టుకుంది. "రేపటికి నాకు అరవై నిండుతాయి," అంది నేలతో. "ఇంట్లో ఒక్కడికి గుర్తుందా? మా మొద్దావతారానికి పడవ ఇంజను పుట్టినరోజు అడగండి, టక్కున చెబుతాడు. నేను పుట్టానో లేదో కూడా అనుమానమే." భుజాలు కదిలాయి.

మర్నాడు పొద్దున్నే పిల్‌సున్ అక్క ఒక స్టీలు క్యారేజీ తెచ్చి, నా దగ్గరున్న మారుతాళంతో హేసుక్ బట్టలు పెట్టుకునే బీరువా తీయించి లోపల పెట్టింది. సముద్రపాచి పులుసు. పుట్టినరోజున అది ఒక్క గుక్కయినా తాగకపోతే మాకు పుట్టినట్టే లెక్క కాదు. రోజూలాగే స్నానానికి వచ్చిన హేసుక్ బీరువా తెరిచి చూసి అక్కడే కూలబడింది. "గల్లా అక్కా, మా ఆయనే ఇచ్చిపోయాడా?" అని అడిగింది. నా నోట్లో గుడ్డు ఉంది. "ఊఁ," అన్నాను. దాన్ని ఎటైనా అనుకోవచ్చు, ఆవిడ తనకు కావలసిన వైపే అనుకుంది.

తరవాతి శుక్రవారం బల్ల మీద ఏమందో తెలుసా? "పులుసా అది! ఉప్పు గనిలో పాచి నానేసినట్టుంది. చేసిన చేతుల్ని విరిచెయ్యాలి. ఏ హోటల్లో కొన్నాడో, మోసపోయాడు వెర్రి మొహం. అయినా తెచ్చాడుగా, పాపం." చేసిన చేతులు అప్పుడు ఆవిడ వీపు మీదే ఉన్నాయి. ఆ రోజు హేసుక్ వీపు కందగడ్డలా ఎర్రబడి, రెండు రోజులు ఆనుకుని కూర్చోలేకపోయింది. నేను పానకం గ్లాసులు కడుగుతూ నవ్వలేక చచ్చాను.

కొత్త సంవత్సరం పండగ దగ్గరపడింది. పండగ ముందు వారం ఒళ్ళు తోమించుకోని ఆడది యోంగ్‌దోలో ఉండదు. ఆ రోజు లోపల ఇసకేస్తే రాలనంత జనం. హేసుక్ వస్తూనే తలుపు ధడాలున వేసింది. సబ్బుల అర మీద ఉన్న తన బేసిను లాక్కుని లోపలికి పోయింది. తలుపు అదురుకు మేకు మీది సంచి జారి ఆ బేసిన్లో పడిందని ఎవరూ చూడలేదు. వేడినీళ్ళ తొట్టి గట్టు మీద బేసిను పెట్టి షాంపూ కోసం వెతికేసరికి సంచి బయటపడి, మూతి ఊడి, బిళ్ళ బుడుంగున నీళ్ళలో మునిగింది.

"అయ్యో చెవి! అక్క చెవి నీళ్ళలో పడిపోయిందే!" అని హేసుక్ పెట్టిన కేకకు స్నానశాల అద్దాలు మోగాయి.

ఇక చూడండి. తొట్టిలో ఉన్నవాళ్ళు లేచారు, బయట ఉన్నవాళ్ళు దూకారు. ఒకతి కాలితో తడుముతోంది, ఒకతి చేత్తో తడుముతోంది, దొరికింది దొరికిందని ఇంకొకతి కాలివేలు పట్టుకుంది. తాక్ అవ్వ అందర్నీ పక్కకు తోసి, రెండు బుగ్గలనిండా గాలి పీల్చుకుని ఆ వేడినీళ్ళలోకి మునిగింది. పైకి తేలేసరికి ఎర్రగా ఉడికిన పీతలా ఉంది, చేతిలో బిళ్ళ ఉంది. "ఎనభై దాటినా పట్టు పోలా!" అని అరిచింది. జుట్టు ఆరబెట్టే మిషను కోసం ఒకతి పరిగెత్తింది. బియ్యంలో పెట్టమని ఒకతి నన్ను బియ్యం అడిగింది. హేసుక్ అయితే బావురుమంది. "పండగ పూట ఆవిడ చెవి చంపేశానే, పాపిష్టిదాన్ని!"

ఇంత జరుగుతుంటే పిల్‌సున్ అక్క మాకు వీపు పెట్టి ఎవరి మోకాలో తోముతోంది. వెనక్కి తిరగకుండానే విసుగ్గా అంది.

"పోతే పోయిందిలే హేసుక్, దానికోసం అంత ఏడుపెందుకు? ఆ తలుపు వెయ్యండి ముందు, చలిగాలి వస్తోంది."

తొట్టిలో ఉన్నవాళ్ళంతా అక్క వీపు వైపు తిరిగారు. ఒకప్పుడు తడి చెయ్యి చూపిస్తే కేకలు పెట్టిన మనిషి. చెవి మునిగిపోతే పోనీలే అంటోంది. అదీ చెవి లేకుండా, వెనక్కి తిరగకుండా, పేరు పెట్టి. అందరూ నా వంక చూశారు. నేను గుడ్ల వంక చూశాను.

పిల్‌సున్ అక్క గుడ్డ పక్కన పెట్టి ఇటు తిరిగింది. "లోపల పెట్టారు," అంది తల తడిమి చూపిస్తూ. "ఉల్సాన్ వెళ్ళొచ్చినప్పటి నుంచీ."

అంతే, ఒక్కొక్కరి మొహంలో లెక్కలు మొదలయ్యాయి. ఉల్సాన్ తర్వాత ఏమేం చెప్పాను? తాక్ అవ్వ నన్ను పట్టుకుని ఊపేసింది. "అయితే నేను చెప్పినవన్నీ విందా?"

"నువ్వు చెప్పినవి రేవులో ఓడలవాళ్ళు కూడా విన్నారు అవ్వా," అన్నాను. అవ్వకు నా మాట సగమే వినిపించి, కోపం మాత్రం పూర్తిగా వచ్చింది.

మర్నాటి నుంచి బల్ల ఖాళీ. మా బూసాన్ స్నానశాలల్లో వీపు రుద్దే యంత్రం ఒకటుంటుంది. గోడకు పళ్ళెమంత చక్రం, దానికి గరుకు గుడ్డ. మీట నొక్కి వీపు ఆనిస్తే గిర్రున తిరుగుతుంది. మా స్నానశాలలో ఉన్నదాని ముఖం ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు దాని ముందు వరస. నడుములు తిప్పుతూ, చంకలెత్తుతూ, ఎగురుతూ వంగుతూ మా వాళ్ళు వేసిన డాన్సులు చూడాలి. చెవుల్లేని యంత్రం కదా, నమ్మకమైనది.

రాత్రి జనం పోయాక మా ఓనరు గల్లా లెక్కలో అది చూశాడు. "వీళ్ళకు యంత్రమే బాగున్నట్టుంది. పండగ దాకా చూస్తా. అప్పటికీ ఇంతే అయితే బల్ల తీసేసి అక్కడ ఇంకో యంత్రం బిగిస్తా," అన్నాడు. పిల్‌సున్ అక్క ముందే అన్నాడు. ఆవిడకు వినిపిస్తుందని ఆయనకు ఇంకా అలవాటు కాలేదు.

అక్క తన బల్ల మీద తానే కూర్చుని గిర్రుమంటున్న ఆ చక్రం చప్పుడు వింటూ ఉండేది. నాకు చూడబుద్ధి కాలేదు. "ఇన్ని నెలల్లో ఒక్కదాని సంగతి ఇంకొకదానికి చేరిందా? చెప్పండే!" అని గల్లా దగ్గర నుంచి అందర్నీ తిట్టాను. తాక్ అవ్వ గొంతు తగ్గించానని అనుకుంటూ, "చేరలేదనుకో. అయినా తెలిసిందిగా!" అని అరిచింది.

ఆ సాయంత్రం పిల్‌సున్ అక్క రిమోటును ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, తెచ్చి మేకుకు తగిలించింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇదిగో నా చెవి తాళం. బల్ల ఎక్కేవాళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కండి. పెద్ద మీట నొక్కితే మూసుకుంటుంది. మళ్ళీ మీరు నొక్కేదాకా నాకేమీ వినపడదు. నా చెవి మీ చేతిలో పెట్టాను, ఇంతకంటే నేనేం చెయ్యను?"

ఆ మాట అనడానికి ఆవిడకెంత కష్టమైందో నాకు తెలుసు. ఆ సర్‌ర్ మనే చప్పుడు కోసమే కదా ఇదంతా. అయినా ఎవరూ కదల్లేదు. సంచి మేకుకే ఉంది. పండగ ముందు రోజు వచ్చింది, జనం రాకముందే ఓనరు టేపు తెచ్చి బల్ల ఉన్న చోటు కొలుచుకుని పోయాడు.

మధ్యాహ్నం తలుపు ధడాలుమంది. నా గుడ్ల గిన్నె మూత ఎగిరింది. హేసుక్ వచ్చింది. మొహం గంటు పెట్టుకుని ఉంది. బట్టలు విప్పి బీరువాలో కుక్కి, మేకు మీది సంచి లాక్కుని, తొట్టిలో నానకుండానే తిన్నగా వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకుంది. యంత్రం దగ్గరున్నవాళ్ళు మీట ఆపేశారు.

పిల్‌సున్ అక్క గుడ్డ తొడుక్కుంది. "మూసెయ్యి మరి," అంది.

హేసుక్ సంచిని గుప్పిట్లో పెట్టుకుంది కానీ నొక్కలేదు. అక్క కాసేపు చూసి పని మొదలుపెట్టింది. సర్‌ర్. సర్‌ర్. భుజాలయ్యాయి, వీపు సగమైంది.

"రాత్రి మా ఆయన్ని నిలదీశాను," అంది హేసుక్ నేలతో. "నా పుట్టినరోజెప్పుడో చెప్పమన్నాను. ఎండాకాలం అన్నాడు."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"ఆ పులుసు చూసి, అప్పట్నుంచీ ఆ దొంగ సచ్చినోడికి రోజూ చేపలో ముళ్ళు తీసి పెడుతున్నానే! నోరు మూసుకుని తిన్నాడు, మహానుభావుడు."

"తెలుసు," అంది పిల్‌సున్ అక్క. "ప్రతి శుక్రవారం చెప్పావుగా."

తాక్ అవ్వే ముందు నవ్వింది. ఏం విని నవ్విందో తెలీదు కానీ, ఆ నవ్వుకు అందరూ విరగబడ్డారు. హేసుక్ మాత్రం నవ్వలేదు. ముక్కు ఎగబీల్చింది. ఆ ఎగబీల్చడం పిల్‌సున్ అక్కకు వినిపించింది, చేతి గుడ్డ ఆగింది.

"వచ్చే ఏడు ఉప్పు తగ్గించు," అంది హేసుక్.

పిల్‌సున్ అక్క మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఆవిడ నడుం మీద తప్ తప్ మని రెండు చరిచింది. హేసుక్ ఇటు తిరిగి పడుకుంటూ, సంచిని బల్ల అంచు మీద నుంచి నా వైపు విసిరేసింది.

"దాన్ని మేకుకు తగిలించు గల్లా అక్కా," అంది. "నాకిక్కడ అడ్డం."